ఎనిమిదో వరస

ఆపరేషన్ అయిన పదకొండో రోజున గౌరునాయుడు తన చేత్తో తాను మజ్జిగ తాగాడు. సగం గ్లాసు చొక్కా మీదే ఒలికింది. మిగిలిన సగం గొంతు దిగినందుకే విశాఖలో కొండమీది ఆ పరిశోధనాలయంలో నర్సులు చప్పట్లు కొట్టారు. అతని తల్లి అప్పలనరసమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. భార్య హైమావతి మాత్రం మనిషి వంక చూడకుండా, మంచం పక్క తెరమీద పాకుతున్న అంకెల్నే చూస్తూ నిలబడింది.

గౌరునాయుడు విజయనగరంలో ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పే కోచ్. తొమ్మిది నెలల కిందట వ్యాయామశాలలో ఇనప స్టాండు విరిగి, నూట పది కిలోల బరువు ఒక పిల్ల మీద పడబోతే తాను అడ్డం వెళ్లాడు. పిల్ల దులుపుకుని లేచింది. ఇతనికి మెడలో వెన్నుపాము తెగింది. కాళ్లూ చేతులూ పోవడం అటుంచి, ఊపిరి కూడా యంత్రమే తీయాల్సి వచ్చింది.

అలా పడి ఉన్న మనిషి మెడలో డాక్టర్ సుదర్శనం తన 'వంతెన'ను అమర్చాడు. బొటనవేలి గోరంత పలక. తెగిన చోటికి పైన ఒక కాలు, కింద ఒక కాలు వేసుకుని కూర్చుంటుంది. మెదడు పంపిన ఆజ్ఞల్ని చిన్నచిన్న ప్యాకెట్లుగా కట్టి కిందికి చేరవేస్తుంది. కింద దేహం చెప్పే కబుర్లను అలాగే పైకి పంపిస్తుంది. ముప్పై ఏళ్లుగా డాక్టరు గారి తలలో ఉన్నది ఈ ఒక్క పలకే. ఇంతకుముందు కోతుల్లో పెట్టి చూశాడు. మనుషుల్లో గౌరునాయుడే మొదటివాడు.

ఆ మధ్యాహ్నం ఏడేళ్ల కూతురు తనూజ మంచం ఎక్కి, నాన్న అరచేతిలో వేలు పెట్టింది.

"తెలుస్తోందా నాన్నా?"

"తెలస్తంది. సల్లగా ఉంది నీ వేలు. ఐసు తిన్నావేటి?"

పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకముందే గౌరునాయుడి కళ్లు పెద్దవయ్యాయి. "హైమా, మంట..." అన్నాడు. అంతే. కాళ్లు రెండూ మంచం మీద చేపల్లా ఎగిరెగిరి పడ్డాయి. ఛాతీ మాత్రం కదలడం మానేసింది. నర్సు పరుగున వచ్చి నోటికి గాలిబుడ్డి పెట్టి నొక్కేదాకా, నలభై సెకన్లపాటు, అతను కళ్లు తెరుచుకునే ఊపిరి లేకుండా భార్యను చూస్తూ ఉన్నాడు.

సుదర్శనం తన గదిలో చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. "తీసేద్దామమ్మా," అన్నాడు చివరికి. "మళ్లీ యంత్రం మీద పెడదాం. కదలకపోయినా మనిషి మిగులుతాడు."

"మీరు ఈ లెక్క చూడండి డాక్టరు గారూ." హైమావతి తన ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది. "మామూలుగా మీ పలకలోని ప్రాసెసర్ దగ్గరికి సెకనుకి మూడు వందల నలభై ప్యాకెట్లు వస్తాయి. ఆ సమయంలో రెండు లక్షలు వచ్చాయి. అన్నీ తెగిన నరాల అంచు నుంచే. అన్నీ నొప్పి. ప్రాసెసర్ ఆగిపోలేదు, చూశారా? పని చేస్తూనే ఉంది. వచ్చిన ప్రతి నొప్పికీ తలుపు తీస్తూనే ఉంది. ఊపిరి ప్యాకెట్లు వాటి వెనక వరసలో నిలబడి నిలబడి పడిపోయాయి."

"ఇంకా పెద్ద ప్రాసెసర్ పెట్టలేం. వేడి పుడుతుంది, నరం ఉడికిపోతుంది."

"పెద్దది అక్కర్లేదు. ఇది జబ్బు కాదు డాక్టరు గారూ, ముట్టడి. పదిహేనేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం ఇదే."

నిజమే. ఆమె రౌటర్లకు కాపలా కాసే ఇంజనీరు. ఊళ్లను, బ్యాంకులను, రైళ్లను కలిపే పెద్ద రౌటర్లలో కూడా ప్రాసెసర్ చిన్నదే. దారిన పోయే ప్యాకెట్ల జోలికి అది పోదు, వాటిని మిగతా యంత్రం చూసుకుంటుంది. తానే స్వయంగా చూడాల్సిన కొద్దిపాటి ప్యాకెట్లకే అది జవాబు చెబుతుంది. శత్రువు లోపలికి చొరబడనక్కర్లేదు. ఆ చిన్న ప్రాసెసర్ తలుపు లక్షసార్లు తడితే చాలు. అది జవాబు చెప్పలేక సతమతమవుతుంటే, పక్క రౌటర్లు పంపే 'బతికే ఉన్నావా' అన్న పలకరింపులు కూడా వరసలోనే ఉండిపోతాయి. జవాబు రాలేదని పక్కవాళ్లు దాన్ని చచ్చిందనుకుని తెంపేస్తారు. అందుకని హైమావతి వచ్చే ప్యాకెట్లను ఎనిమిది వరసలుగా విడగొట్టేది. పలకరింపులు మొదటి వరసలో. ఊరూపేరూ లేనివి ఎనిమిదో వరసలో. ముట్టడి జరిగినప్పుడు ఎనిమిదో వరస ఎంత మొత్తుకున్నా మొదటి వరసకు దారి ఉంటుంది.

"పది రోజులివ్వండి," అంది ఆమె.

సుదర్శనం కళ్లజోడు పెట్టుకున్నాడు. "వరసలు నువ్వొక్కదానివే రాయకు. దేహం అతనిది."

అలా రాయడం కోసం ఒక ఉదయం భర్త మంచం పక్కన కాగితం పట్టుకు కూర్చుంది. యంత్రం మళ్లీ తగిలించినా, మధ్యమధ్య తీసి మాట్లాడనిస్తున్నారు. ఊపిరి మొదటి వరస. గుండె, రక్తపోటు రెండు. ఒంటికీ రెంటికీ వెళ్లే కబుర్లు మూడు. అక్కడిదాకా వాదన లేదు. నాలుగు దగ్గర ఆమె 'నిలకడ' అని రాయబోయింది.

"ఆగు. నొప్పి ఎక్కడ రాస్తావు?"

"చివర. ముట్టడి చేసింది అదే కదండీ."

"చివర వద్దు."

"ఊపిరి ఆగిపోయింది ఆ రోజు. నేను చూశాను."

"నాకు ఆగింది గదా, నాకు తెల్దేటి?" గౌరునాయుడు ఆయాసపడుతూ నవ్వాడు. "రమణమ్మ గుర్తుందా? నెల్లిమర్ల పిల్ల. రాష్ట్ర పోటీల ముందు మణికట్టు నొప్పి. నాకు సెప్పకుండా ఇంజక్షను చేయించుకుని ఎక్కేసింది. నొప్పి లేదు గదాని ఎత్తీసింది. ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది హైమా. అప్పటికీ నవ్వుతానే ఉంది. దానికి తెల్దు. జనం అరుస్తంటే మెచ్చుకుంటన్నారనుకుంది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నాలుగులో రాయి. అంతకన్నా కిందకి దించకు. మాటియ్యి."

ఆమె మాటిచ్చి నాలుగులో రాసింది. నిలకడ, చేతులు, కాళ్లు తర్వాతి మూడింటిలో చేరాయి. స్పర్శ ఎనిమిదిలో పడింది. "ముట్టుకుంటే తెలీకపోయినా పర్లేదు, కళ్లున్నాయి గదా," అన్నాడు అతనే.

పదో రోజుకు కోడ్ సిద్ధమైంది. యంత్రం తీశారు. ఆరు రోజులు అంతా బాగుంది. ఏడో రోజు ఉదయం పదింటికి, తల్లి అతనికి ఇడ్లీ తినిపించి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిన సమయంలో, రెండో ముట్టడి వచ్చింది.

హైమావతి తెర ముందే ఉంది. ఈసారి నొప్పి నాలుగో వరసలో ఉంది గనుక కింది నాలుగు వరసల్నీ ఊడ్చేసింది. ఆ తర్వాత పైకి ఒత్తుకుంటూ వచ్చింది. పలకలో ఉన్న కాస్త జ్ఞాపకాన్నీ తనే ఆక్రమించింది. మొదటి వరసలో ఊపిరి ప్యాకెట్లు ఒకటీ అరా రాలిపోవడం మొదలైంది. ఊపిరి ఆగింది. తొమ్మిది సెకన్లు. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది. ఆ రెండోసారి హైమావతి ఎవర్నీ అడగలేదు. నొప్పిని నాలుగు నుంచి ఎనిమిదికి తోసేసింది. అది చాలదనిపించి, రౌటర్లలో తాను వాడే శిక్ష కూడా ఎనిమిదో వరసకు తగిలించింది. ఒకే చోటు నుంచి హద్దు మీరి ప్యాకెట్లు వస్తే ఆ చోటును ఒక సెకను మూసేస్తుంది. మళ్లీ మీరితే రెండు సెకన్లు, ఆ తర్వాత నాలుగు, ఎనిమిది, అలా రెట్టింపవుతూ పోతుంది. పదిహేడోసారికి పద్దెనిమిది గంటలు. అరవకుండా కొన్ని గంటలు ఊరుకుంటే లెక్క మళ్లీ ఒక సెకను నుంచే. అరిచేవాడే దొంగ అన్నది ఆ శిక్ష సూత్రం.

ముట్టడి చప్పున చల్లారింది. గౌరునాయుడు నిండా గాలి పీల్చుకుని, "పోయింది," అన్నాడు. ముఖం తేటపడింది.

"అతనికి చెప్పావా?" అని సాయంత్రం సుదర్శనం అడిగాడు.

"చెబుతాను."

"చెప్పాకే సంతకం పెట్టు." ఒక కాగితం ముందుకు జరిపాడు. 'మార్పు రోగికి వివరించడమైనది' అన్న గడి ఉంది అందులో. హైమావతి ఆ గడిలో టిక్కు పెట్టి సంతకం చేసింది. రేపు చెబుదామనుకుంది. రేపు అతను లేచి కూర్చున్నాడు. ఎల్లుండి నిలబడ్డాడు. ఆ సంతోషంలో నోరు రాలేదు. నెల గడిచాక చెప్పాల్సిన అవసరమే కనబడలేదు.

అక్టోబరు చివరలో విజయనగరం ఇంటికి వచ్చేశారు. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచేవాడు. జనవరికల్లా వ్యాయామశాలకు వెళ్లి కుర్చీలో కూర్చుని పిల్లల్ని కేకలేయడం మొదలుపెట్టాడు. బరువుల చప్పుడు వింటూ, "ఆ బరువు నడుంతో లేపకు, కాళ్లతో లేపు, ఒలే!" అని అరిచే కొడుకు గొంతు వీధిలోకి వినబడితే అప్పలనరసమ్మ పనిమాని నిలబడేది. "కోడలా, నువ్వు మడిసివి కాదే," అనేది హైమావతితో. "నా కొడుకుని రెండోసారి కన్నావు."

హైమావతి రోజూ సాయంత్రం వంతెన లాగ్‌ను చదివేది. ఆ రోజు ఏయే చోట్లు హద్దు మీరాయి, ఎన్నిసార్లు మూతపడ్డాయి అన్నది వరసగా ఉంటుంది. ఫిబ్రవరిలో ఒకరోజు ఇంటికొచ్చినప్పటి నుంచి అన్ని రోజుల లెక్కా కలిపి, ఆ జాబితాలో అన్నిటికన్నా పైన ఉన్న చోటు చూసి ఆశ్చర్యపోయింది. వీపు, ఎడమ భుజం కింద. మొత్తం నాలుగు వందల పన్నెండుసార్లు శిక్ష. సమయం రోజూ ఒకటే. సాయంత్రం అయిదు నుంచి ఆరు.

అయిదింటికి తనూజ బడి నుంచి వస్తుంది. రాగానే నాన్న వెనక చేరి వీపు మీద వేలితో అక్షరాలు రాస్తుంది. అతను చెప్పాలి. మొదట్లో చక్కగా చెప్పేవాడు. ఇప్పుడు రెండో అక్షరం దాటాక తప్పు చెబుతున్నాడు. పిల్ల గట్టిగా రాస్తుంది, దిద్ది దిద్ది రాస్తుంది, అరచేత్తో తుడిచి మళ్లీ రాస్తుంది. ఎంత గట్టిగా రాస్తే వంతెన అంత త్వరగా మూసేస్తోంది. దాని లెక్కలో ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద శత్రువు తనూజ.

ఆ ఒక్క చోటుకు శిక్ష ఎత్తేయవచ్చా అని హైమావతి రెండు రోజులు కూర్చుని చూసింది. ఒక్క వీపుకే హద్దు సడలించే వీలు కోడ్‌లో లేదు. సడలిస్తే ఎనిమిదో వరస మొత్తానికి సడలించాలి. నొప్పి ఉన్నదీ అందులోనే. ఊపిరి ఆగిన ఆ తొమ్మిది సెకన్లు కళ్లముందు మెదిలాయి. మూడో రోజు కూతుర్ని వంటింట్లోకి పిలిచింది.

"నాన్న వీపు మీద అలా మాటిమాటికీ రాయకమ్మా."

"ఏం? నొప్పా?"

"నొప్పి కాదు. నాన్నకి మంచిది కాదు."

"నేను ముట్టుకుంటే మంచిది కాదా?"

పిల్ల అక్కణ్నుంచి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి బడి నుంచి వచ్చి నానమ్మ దగ్గర కూర్చునేది. నాన్న పిలిస్తే నాలుగడుగుల దూరంలో, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడేది.

"తనూ నా దగ్గరికి రావట్లేదేటి?" అని గౌరునాయుడు ఒకరోజు అడిగాడు.

"పెద్దదవుతోంది కదండీ. సిగ్గు."

"ఏడేళ్లకా?" అన్నాడు. మళ్లీ అడగలేదు.

మార్చిలో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు. ఇతను నేర్పిన పిల్లలు నలుగురు పోటీలో ఉన్నారు. పోటీలకు మూడు రోజుల ముందు, గురువారం నుంచి అతనికి అన్నం సహించలేదు. శుక్రవారం ఉదయం తల్లి నుదురు ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఒళ్లు కాలిపోతన్నాదిరా."

"ఎండలో తిరిగాను గదే అమ్మా. ఏటీ నొప్పి లేదు, నీరసం అంతే."

"డాట్రుకి సూపించు."

"పోటీలైపోనీ."

ఆ శుక్రవారం సాయంత్రం లాగ్‌లో హైమావతికి మునుపెన్నడూ లేని సంగతి కనబడింది. పొట్ట, కుడివైపు దిగువన. గురువారం మధ్యాహ్నం నుంచి ఆ ఒక్క చోటు నుంచే సెకనుకు ముప్పై వేలు, నలభై వేలు, అరవై వేలు. పదహారు శిక్షలూ దాటిపోయి పదిహేడోది, పద్దెనిమిది గంటల మూత, నడుస్తోంది. తెరుచుకున్న ప్రతిసారీ మళ్లీ అరిచింది, మళ్లీ మూతపడింది. మొదటి వరస చూసింది. ఊపిరి ప్యాకెట్లలో ఒక్కటి రాలలేదు. ఒక్కటంటే ఒక్కటి.

ఆమెకు గుండె నిండిపోయింది. సుదర్శనానికి అప్పుడే మెయిల్ రాసింది. 'ఇంతవరకూ వచ్చిన ముట్టడుల్లో ఎక్కువసేపు సాగినది ఇదే. రెండు రోజులుగా సాగుతోంది. ఆయనకు తెలియను కూడా తెలియలేదు. కాపలా గట్టిగా నిలబడింది.' డాక్టరు వెంటనే జవాబిచ్చాడు: 'అద్భుతం. ఈ లాగ్ నాకు పంపు, తర్వాతి రోగికి పనికొస్తుంది.' జ్వరం సంగతి ఆమె రాయలేదు. అది వేరే సంగతి అనుకుంది. పారాసిటమాల్ ఇచ్చింది.

ఆదివారం పదకొండున్నరకు, తన పిల్ల ఎనభై తొమ్మిది కిలోలు తలపైకి లేపి నిలబడినప్పుడు గౌరునాయుడు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టబోయాడు. అలాగే ముందుకు పడిపోయాడు.

పెద్దాసుపత్రిలో సర్జన్ ఒక నడివయసు ఆవిడ. పొట్ట మీద చెయ్యి వేసి నొక్కగానే ఆమె ముఖం మారింది. స్కాన్ చూశాక హైమావతిని పక్కకు పిలిచింది.

"అపెండిక్స్ పగిలి రెండు రోజులు దాటింది. చీము పొట్టంతా పాకింది. రక్తంలోకీ ఎక్కింది. ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా? నొప్పితో మెలికలు తిరగాలి కదా మనిషి? అరవలేదా?"

హైమావతికి శుక్రవారం నాటి లాగ్ గుర్తొచ్చింది. అరిచాడు. గురువారం మధ్యాహ్నం నుంచి అరుస్తూనే ఉన్నాడు. సెకనుకు అరవై వేలసార్లు.

థియేటరులోకి తీసుకువెళ్లేముందు స్ట్రెచర్ మీద అతనికి తెలివి వచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"పగిలిపోయిందంట గదా లోపల. నాకెందుకు తెలీలేదు హైమా? నొప్పి నాలుగులోనే ఉంది గదా?"

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. ఆమె దాన్ని వాడుకోలేకపోయింది.

"ఎనిమిదిలో ఉందండీ."

"ఎప్పట్నుంచి?"

"రెండో ముట్టడి రోజు నుంచి. మీ ఊపిరి ఆగిపోతుంటే..."

అతను వినలేదు. తల అటు తిప్పుకున్నాడు. "నాను దున్నపోతు తోలు తొడుక్కుని తిరిగినానన్నమాట ఇన్నాళ్లూ," అన్నాడు గోడతో. స్ట్రెచర్ కదిలింది.

పొట్ట కడిగి కుట్టారు. కానీ విషం రక్తంలో ఉంది. సోమవారానికి మూత్రపిండాలు మూలబడ్డాయి. ఊపిరి గొట్టం గొంతులో వేసి మళ్లీ యంత్రానికి తగిలించారు. మంగళవారం ఉదయం సర్జన్ వచ్చి, ఇవాళో రేపో అన్నట్టు చెయ్యి తిప్పింది. "రక్తపోటు నిలవడం లేదు. అందుకని మత్తు కూడా ఎక్కువ ఇవ్వలేకపోతున్నాం. మెలకువ వస్తూ పోతూ ఉంటుంది. నొప్పి ఎలాగూ తెలియదన్నారు కదా, అదొక్కటి నయం."

హైమావతి అప్పుడు ఒక సంగతి గ్రహించింది. ఊపిరిని ఇప్పుడు యంత్రం తీస్తోంది. మొదటి వరసలో కాపాడాల్సిందేమీ మిగల్లేదు. ఇక ఎనిమిదో వరస మూసి ఉంచడానికి కారణం లేదు.

అతను కళ్లు తెరిచినప్పుడు దగ్గరగా వంగి చెప్పింది. "ఇప్పుడు శిక్షలన్నీ తీసేయగలను. నొప్పి తెలుస్తుంది. తనూ ముట్టుకుంటే అదీ తెలుస్తుంది. రెండూ ఒకే వరస, విడదీయడానికి వ్యవధి లేదు. తెరవమంటే ఒకసారి రెప్ప వేయండి. వద్దు, మూసే ఉంచమంటే రెండుసార్లు."

గౌరునాయుడు చాలాసేపు ఆమెను చూశాడు. కోపమో, మరేమో, గొట్టం అడ్డం ఉన్న ఆ ముఖంలో తెలియలేదు. తర్వాత ఒక్కసారి రెప్ప వేశాడు. స్పష్టంగా, బలంగా వేశాడు.

పిల్లను లోపలికి రానిచ్చారు. తనూజ అలవాటు ప్రకారం చేతులు వెనక్కి కట్టుకుని నాలుగడుగుల దూరంలో ఆగింది.

"రా అమ్మా. ముట్టుకో."

"మంచిది కాదన్నావు."

"ఇప్పుడు మంచిదే. రా."

పిల్ల వచ్చి నాన్న ఎడమ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. హైమావతి ల్యాప్‌టాప్ మీద ఒక వాక్యం కొట్టి మీట నొక్కింది.

మొదట అతని వేళ్లు కదిలాయి. పిల్ల చేతిని వెతుక్కుని, పట్టుకున్నాయి. "నాన్న పట్టుకున్నాడు!" అని తనూజ కేకపెట్టింది. గౌరునాయుడి కళ్లు నవ్వాయి. ఆ నవ్వును హైమావతి చూసింది. కాసేపటికి మిగతాదంతా వచ్చింది. అయిదు రోజులుగా తలుపు అవతల నిలబడిందంతా ఒక్కసారిగా లోపలికి వచ్చింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. నుదుటి మీద చెమట బొట్లు కట్టి కణతల మీదుగా కారింది. గొట్టం చుట్టూ పళ్లు బిగుసుకున్నాయి. అరవడానికి దారి లేదు. చెయ్యి మాత్రం పిల్ల చేతిని వదల్లేదు.

"మూసేయనా?" అని హైమావతి అడిగింది. అతను ఒకసారి కూడా రెప్ప వేయలేదు. కళ్లు కూతురి మీదే ఉన్నాయి. రెండు నిమిషాలాగి మళ్లీ అడిగింది. మళ్లీ అడిగింది. అయిదోసారి అడిగేసరికి పదకొండు నిమిషాలైంది. అతను కూతురి మీంచి చూపు తిప్పి భార్యను చూసి, రెండుసార్లు రెప్ప వేశాడు.

"మూసేస్తే తనూ చెయ్యి కూడా తెలియదండీ."

రెండుసార్లు. మళ్లీ రెండుసార్లు. ఆగకుండా రెండు, రెండు, రెండు. ఆ కళ్లలో ఇక కూతురు లేదు, భార్య లేదు. బతిమాలుకోవడం ఒక్కటే ఉంది.

ఆమె మీట నొక్కింది.

ముఖం వదులైంది. వేళ్లు విడిపోయాయి. తనూజ ఆ చేతిని జారిపోకుండా పట్టుకుని, "నిద్రొస్తోందా నాన్నా?" అంటూ మణికట్టు నుంచి మోచేతి దాకా నిమురుతూ కూర్చుంది. రెండు గంటలు అలాగే నిమిరింది. ఎందుకో ఆ పిల్లకు చెయ్యి నొప్పి కూడా పుట్టలేదు. ఎడమ ముంజేయి అన్న పేరు లాగ్‌లో పైపైకి ఎక్కడం హైమావతి చూస్తూనే ఉంది. మధ్యాహ్నం రెండూ పదికి గుండె ఆగింది.

పదో రోజున సుదర్శనం వచ్చాడు. వసారాలో కుర్చీ వేస్తే అంచున కూర్చున్నాడు. ఈ కొద్ది రోజుల్లోనే ముసలివాడైపోయినట్టున్నాడు.

"అడగడానికి ఇది సమయం కాదు," అన్నాడు మెల్లగా. "ఆముదాలవలసలో ఒకమ్మాయి ఉంది. పంతొమ్మిదేళ్లు. బావిలో పడింది. తల్లీతండ్రీ రోజూ ఫోన్ చేస్తున్నారు. వంతెన ఉంది. నీ కోడ్ ఉంది. నొప్పిని ఏ వరసలో పెట్టమంటావు?"

"నాలుగు," అంది హైమావతి.

"నాలుగులో పెడితే ఊపిరి ఆగింది కదమ్మా."

ఆమె తల వంచుకుంది. ఆయన "ఆలోచించి చెప్పు," అని లేచాడు. గేటు దాకా వెళ్లి వెనక్కి చూశాడు.

లోపల చాప మీద నెల్లిమర్ల నుంచి వచ్చిన బంధువులు కూర్చున్నారు. అప్పలనరసమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పినట్టే వాళ్లకూ చెబుతోంది.

"కడుపు కుళ్లిపోయిందంటమ్మా లోపల. ఇంకోడైతే గిలగిల్లాడి సచ్చును. నా కొడుకు నొప్పన్నది తెలీకుండా పోనాడు. మా కోడలు సదువుకున్నాది గదా, ఆ మిసను పెట్టింది. దాని పున్నెం. ఆ తల్లి కడుపు సల్లగుండ."

ఆడవాళ్లంతా హైమావతి వైపు తిరిగి చేతులు జోడించారు. ఒకావిడ లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. హైమావతి ఆ చేతిని విడిపించుకుని మంచినీళ్ల చెంబు తెచ్చే మిషతో వంటింట్లోకి వెళ్లింది. తనూజ వెనకే వచ్చింది.

"అమ్మా, నేను చెయ్యి నిమిరాను కదా. నాన్నకి తెలిసిందా?"

హైమావతి చెంబు నింపింది. నిండాక కూడా కుళాయి కట్టలేదు.

"తెలిసింది," అంది.

"మొత్తం?"

"మొత్తం తెలిసిందమ్మా. పో, వాళ్లకి గ్లాసులు పట్టుకెళ్లు."

పిల్ల గ్లాసులు పట్టుకుని వెళ్లింది. బయట అప్పలనరసమ్మ, ఇంకెవరో వచ్చినట్టున్నారు, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.